పగలని పొక్కు

బొమ్మనహళ్ళిలో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు చెకర్‌గా పనిచేశాను. లైన్‌లో కుట్టు పూర్తయిన ప్రతి చొక్కా నా బల్ల మీదికి రావలసిందే. కాలరు, జేబు, కాజాలు, లోపలి కుట్లు తిరగేసి చూసి, తప్పున్న చోట ఎర్రబాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపడం నా పని. "అక్క కంట్లో పడిందంటే ఇంక విప్పుకోవాల్సిందే" అని కుట్టే పిల్లలు నా వెనకాల గొణుక్కునేవాళ్ళు. వినపడనట్టు ఉండేదాన్ని గానీ లోపల మురిసిపోయేదాన్ని. అంత కన్ను ఉన్న మనిషిని, నా నోట్లో ఏం జరుగుతోందో ఎనిమిది నెలల పాటు పట్టుకోలేకపోయాను.

మొదట ఎడమ చెంప లోపల ఒక చిన్న పుండు లేచింది. వేడి చేసిందనుకున్నాను. మా వైపు ఏ జబ్బుకైనా మొదట పెట్టే పేరు అదే. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను, చల్లటి మజ్జిగ తాగాను, మెడికల్ షాపులో అడిగి బి కాంప్లెక్స్ మాత్రలు మింగాను. పుండు మానలేదు సరికదా, పక్కన ఇంకొకటి వచ్చింది. తర్వాత చిగుళ్ళ మీద, అంగిట్లో, నాలుక కింద. కారంగా ఊరిబిండి పచ్చడి లేనిదే సంగటి దిగని దాన్ని, సంగటిని మజ్జిగలో పలచగా పిసుక్కుని గుటకలు వేసే స్థితికి వచ్చాను. ఫ్యాక్టరీలో అందరూ నేను సన్నబడ్డానని మెచ్చుకున్నారు. ఒకరిద్దరు ఏం తింటున్నావక్కా అని రహస్యం కూడా అడిగారు.

చందాపురలో మా ఇంటి దగ్గర ఉండే పళ్ళ డాక్టరు రెండుసార్లు పళ్ళు శుభ్రం చేసి, మూడోసారి నోట్లో చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది పళ్ళ సమస్య కాదాంటీ, ఒకసారి స్కిన్ డాక్టర్‌కి చూపించండి" అన్నాడు. నోట్లో పుండ్లకు చర్మం డాక్టరేమిటని విసుక్కుంటూ ఇంటికొచ్చాను. అతను చెప్పింది అక్షరాలా నిజమని తెలియడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలల్లో వీపు మీద పొక్కులు మొదలయ్యాయి. నీళ్ళు నిండిన పలచటి పొక్కులు. జాకెట్టు రాసుకుంటే పగిలి, కింద ఎర్రగా పచ్చిపుండు మిగిలేది. బట్ట అంటుకుపోయేది, తీస్తే ప్రాణం పోయినట్టుండేది. రొమ్ముల కింద, పక్కటెముకల మీద, మెడ వెనక వచ్చాయి. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు నేను కోపంగా ఉంటాను, అది నా పుట్టుబుద్ధి. ఇంట్లో ఎవరేమడిగినా కసిరేదాన్ని.

పక్క వీధిలో ఉండే మా ఆడబిడ్డ చూసి, చూసిన మరుక్షణమే జబ్బు తేల్చేసింది. "అక్కి లేసిందిమ్మే. సూదిమందులేస్తే లోపలికి పోతాది. కావి రాయించుకోవాల" అంది. అక్కి అంటే ఒంటి మీద ఒక వరసలో మంటతో లేచే పొక్కులు. దానికి మా వాళ్ళు కుమ్మరి ఇంటి ఆడవాళ్ళ చేత కావిమట్టితో పొక్కుల చుట్టూ సింహం బొమ్మ రాయిస్తారు. మూడు రోజులు రాయించుకోవాలి, ఆ మూడు రోజులూ స్నానం చేయకూడదు. నేను ఇంటర్ చదివినదాన్ని, రోజూ పేపరు చూస్తాను. అయినా తలూపాను. ఏదో ఒక పేరు దొరికిందన్నదే అప్పుడు నాకు పెద్ద ఊరట.

రాసిన ముసలామె మీద నాకు ఏ కోపమూ లేదు. ఆమె వేలు ఎంత తేలిగ్గా ఉండేదంటే, పచ్చిపుండు పక్కనే గీత గీస్తున్నా నొప్పి తెలిసేది కాదు. తడికావి చల్లగా ఉండేది. కానీ మూడో రోజు ఆమె రాయడం మధ్యలో ఆపి, నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది అక్కి కాదు తల్లీ. అక్కి ఒక పక్కనే వస్తాది. నీకు రెండు పక్కలా ఉండాది, నోట్లో కూడా ఉండాదంటావు. నా చేతిలో పని కాదిది. పెద్దాసుపత్రికి పో" అంది.

మా ఆడబిడ్డ మొహం మాడిపోయింది. నాకు దొరికిన ఆ ఒక్క పేరూ పోయింది. కుష్ఠేమో, ఎయిడ్సేమో, పేరు కూడా లేని రోగమేమో అని ఆ రాత్రంతా ఒక్కదాన్నే అనుకున్నాను. వైట్‌ఫీల్డ్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్న నా కూతురికి ఫోన్ చేసి, అంతా బాగుందని చెప్పి పెట్టేశాను.

మర్నాడు తెల్లవారుజామునే లేచి నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు. ఆసుపత్రికి వెళ్ళాలి. ఒళ్ళంతా కావి. చదువుకున్న డాక్టరమ్మ ముందు వీపు మీద సింహాలతో ఎలా కూర్చోవడం? నాటువైద్యం చేయించుకుని ఇప్పుడొచ్చావా అని పదిమందిలో తిడుతుంది. మా వాళ్ళందరికీ ఉన్న భయమే ఇది. ఆసుపత్రికి పోయేముందు పసరు, పసుపు, విభూతి, ఏదుంటే అది తుడిచేసి, తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని పోతాం. నేనూ అదే చేశాను. వేడినీళ్ళు పెట్టుకుని, శీకాయ పొడితో పళ్ళు బిగబట్టి రుద్దాను. కావి పోయింది. దానితో పాటు ఉన్న పొక్కులన్నీ పగిలిపోయాయి. కొన్నిచోట్ల తోలు అరచేతికి అంటుకుని వచ్చేసింది. ఏడుస్తూ పౌడరు అద్దుకుని, మెత్తటి చీర కట్టుకుని, మా ఆయనతో కలిసి బయల్దేరాను.

సిటీలోని పెద్దాసుపత్రిలో చర్మం విభాగం డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. కన్నడం మాట్లాడే ఇంటివాళ్ళే అయినా తెలుగు బాగానే వచ్చు. నోరు చూసింది, వీపు చూసింది. పుండు పక్కన బాగున్న చర్మం మీద బొటనవేలితో చిన్నగా రాసి చూసింది. అక్కడి తోలు కూడా మెల్లగా జరిగింది. ఆమె మొహంలో ఏదో మారింది. అది నేను చూశాను.

"పొక్కులు ఏవమ్మా? ఒక్కటి కూడా లేదే?"

"అన్నీ కడుక్కొని వచ్చినాను మేడమ్."

"ఏమైనా పూసినారా?"

"లేదు మేడమ్, ఏమీ పూయలేదు" అన్నాను, మొహం తిప్పకుండా.

ఆమె ఒక దూది ముక్క తడిపి, రొమ్ము కింద మడతలో తుడిచి నా కళ్ళ ముందు పెట్టింది. దూది ఎర్రగా ఉంది.

"రక్తం ఈ రంగులో ఉండదమ్మా" అంది. నేను తల దించుకున్నాను. ఇప్పుడు తిట్లు పడతాయనుకున్నాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి నిట్టూర్చింది. "కావి రాయించుకుంటే నాకేం కోపం లేదు. మా అవ్వ కూడా రాయించుకున్నది. మీరు దాన్ని కడగడానికి రుద్దినారు చూడండి, అదీ కష్టం. నాకు కావాల్సింది పగలని పొక్కు. పొద్దున మీ ఒంటి మీద ఉండినాయి. అన్నీ నీళ్ళలో పోసేసి వచ్చినారు."

తర్వాత నెమ్మదిగా అంతా వివరంగా చెప్పింది. ఇలాంటి పొక్కులు తెచ్చే జబ్బులు మూడు నాలుగు ఉన్నాయట. అన్నీ అరుదైనవే, చూపుకు ఒకే మాదిరి ఉంటాయట, మందులు మాత్రం వేరట. కొత్తగా లేచిన పొక్కు అంచు నుంచి ఒక ముక్క, పక్కనే ఉన్న మంచి చర్మం నుంచి ఇంకో ముక్క తీసి పరీక్షకు పంపితే ఏదన్నది తేలుతుంది. రుద్ది రుద్ది రసికారుతున్న చోట తీస్తే పరీక్ష సరిగా చెప్పదు. "నాకు ఒక అనుమానం ఉంది. కానీ దాని మందు చాలా బరువైన మందు. ఏళ్ళ తరబడి వాడాల. అనుమానం మీద ఇవ్వలేను, లేట్ కూడా చేయలేను. ఈ జబ్బును వదిలేస్తే ప్రాణానికే కష్టం" అంది.

"ఇది అంటుతుందా మేడమ్?"

"నా అనుమానం నిజమైతే అంటదు. రిపోర్ట్ రాకుండా ఆ మాట నేను చెప్పను. ఒకటి చేయండి. కొత్త పొక్కు లేస్తానే ముట్టకుండా, తడపకుండా, ఆ దినమే నా దగ్గరికి రండి. ఓపీ లేని దినమైనా సరే."

పుండ్లకు పూత మందు రాసిచ్చి పంపింది. మా ఆయన ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ పని చేస్తాడు. కార్ల కింద అద్దం పెట్టి చూసి లోపలికి వదలడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక అన్నాడు, "రోజూ పొద్దున నేను చూస్తాలే. నీ వీపు నీకేం కనపడతాది?"

అలా మొదలైంది మా ఎదురుచూపు. పొద్దున్నే ఆయన షిఫ్టుకు వెళ్ళేముందు నేను కిటికీ వైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని. ఆయన ఫోన్ టార్చి వేసి మెడ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా అంగుళం అంగుళం చూసేవాడు. పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు. పట్టపగటి వెలుతురులో ఆయన నా వీపు చూడ్డం అదే మొదటిసారి. సిగ్గుపడాలో ఏడవాలో తెలిసేది కాదు. "ఈ దినం లేదు" అనేవాడు. ఆ మాట వినగానే నీరసం వచ్చేది. రోగం రాలేదంటే దిగులుపడే మనిషిని ఎక్కడైనా చూశారా? ఆ వారంలో నేను అదే మనిషిని.

రాకుండా ఉన్నాయని కాదు. వచ్చినవి నిలిచేవి కావు. నిద్రలో ఒత్తిగిలితే పగిలేవి. బోర్లా పడుకుంటే పొట్ట మీదివి పగిలేవి. ఒకరోజు భుజం కింద బఠాణీ గింజంత లేచిందని ఆయన చెప్పిన నిమిషానికే, సంతోషంలో చెయ్యెత్తి జుట్టు ముడి వేసుకోబోయి నేనే పగలగొట్టాను. ఆ రోజు ఆయన నన్ను తిట్టాడు. నేను తిరిగి రెట్టింపు తిట్టాను. ఇద్దరం అన్నం తినకుండా కూర్చున్నాం. ఒక పక్క నోట్లోకి గంజి కూడా దిగడం లేదు. పడుకునేటప్పుడు దుప్పటి మీద తోలు పొరలు రాలేవి. వాటిని ఆయన చూడకుండా దులిపేసేదాన్ని. ఇలాగే ఒళ్ళంతా ఊడిపోతే ఎన్నాళ్ళు బతుకుతానని లెక్కలు వేసుకునేదాన్ని. చావంటే భయం లేదని అంతకుముందు ఎన్నోసార్లు అన్నాను. అదంతా ఉత్తుత్తి మాట. నాకు చాలా భయం.

ఆరో రోజు పొద్దున ఆయన టార్చి ఒక్కచోట ఆగింది.

"ఏమైంది?" అన్నాను.

"కదలాకు. వచ్చిండాది. కుడిపక్క, వీపు మధ్యన. నిండుగా ఉండాది."

ఇద్దరం ఒక్క క్షణం నవ్వుకున్నాం. వెంటనే ఆ నవ్వుకు సిగ్గుపడ్డాం.

ఇప్పుడు దాన్ని చందాపుర నుంచి సిటీలోకి ఎలా చేర్చాలి? ఆటోలో అయితే గతుకులకు వీపు సీటుకు కొట్టుకుంటుంది. బండి మీద అయితే గాలికి బట్ట రాసుకుంటుంది. బస్సులో ముందుకు వంగి కూర్చోవచ్చు కాబట్టి బస్సే మేలనుకున్నాం. జాకెట్టు వేసుకునే వీలు లేదు. ఆయన చొక్కాల్లో వదులుగా ఉన్నది ఒకటి నేను తొడుక్కుని, పైన చీర కొంగు కప్పుకోకుండా ముందుకు చుట్టుకున్నాను. ముప్పై ఏళ్ళలో పిన్ను పెట్టుకోకుండా గడప దాటని దాన్ని, ఆ వేషంతో హొసూరు రోడ్డు మీద నిలబడ్డాను.

ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి బస్సు ముందు భాగం ఎప్పుడూ కిటకిటలాడుతుంది. ఎలాగో ఒక సీటు అంచున కూర్చుని, ముందు సీటు కడ్డీ పట్టుకుని వంగాను. ఆయన నా వెనకే నిలబడి, రెండు చేతులూ రెండు కడ్డీల మీద వేసి, ఎవరూ నా మీద పడకుండా అడ్డంగా ఉన్నాడు. మగవాళ్ళు వెనక్కి పోవాలని కండక్టర్ కన్నడంలో రెండుసార్లు గద్దించాడు. ఆయన కదల్లేదు. బ్రేకు పడిన ప్రతిసారీ నా ఊపిరి ఆగేది. పగిలిందా, ఉందా? చూసుకోవడానికి లేదు, తడుముకోవడానికి లేదు. "ఉండాది, ఉండాది" అని ఆయన నెమ్మదిగా చెబుతూనే ఉన్నాడు. చొక్కా మీంచి ఆయనకేం కనపడుతుంది? తడి మరక పడలేదు కాబట్టి ఉందని ఆయన లెక్క.

మూడో స్టాపులో మా లైన్‌లో కుట్టే అమ్మాయి ఎక్కింది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. "అక్కా, ఎన్ని దినాలాయ నిన్ను చూసి, ఎట్లుండావక్కా" అంటూ జనాన్ని తోసుకుని వచ్చి, నా వీపు మీద చెయ్యి వేయబోయింది.

"ముట్టొద్దు" అని మా ఆయన బస్సు మొత్తం వినబడేలా అరిచాడు.

ఆ పిల్ల చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నా పక్కన కూర్చున్నామె నా మెడ వెనకనున్న పుండు చూసింది, నా పెదాల మీది పెచ్చులు చూసింది, మెల్లగా కొంగు దగ్గరికి లాక్కుని లేచిపోయింది. ముందు సీటావిడ బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. ఒక నిమిషంలో నా చుట్టూ, అంత రద్దీ బస్సులో, ఇద్దరు కూర్చునేంత జాగా ఏర్పడింది. మా లైన్ అమ్మాయి కూడా వెనక్కి జరిగింది.

అంటదని చెప్పాలనిపించింది. కానీ నాకే తెలియదు. తెలియని మాట ఎలా చెబుతాను? కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తడానికి కూడా భయం, వీపు కదులుతుందని. బొమ్మనహళ్ళిలో ఆ అమ్మాయి దిగిపోయింది. రేపటికి లైన్ మొత్తానికి తెలిసిపోతుంది. మా ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. నెమ్మదిగా చెప్పలేడా? కానీ ఆయన అరవకపోతే ఆ చెయ్యి పడేదే. అక్కడి నుంచి ఆసుపత్రి దాకా ఎవరూ నన్ను తాకలేదు. నా పొక్కును కాపాడింది ఆ అవమానమే.

డాక్టరమ్మ చొక్కా ఎత్తి చూసి, "అబ్బ, పగల్లేదు" అంది. పక్క గదిలోని చిన్న డాక్టర్లను పిలిచింది. ఆరుగురో ఏడుగురో వచ్చి నా వెనక నిలబడి చూశారు. ఇంకో రోజైతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం చూసుకోండి నాయనా, బాగా చూసుకోండి అనిపించింది. మత్తు సూది ఇచ్చి పెసరగింజంత ముక్కలు రెండు తీసి, రెండు వేర్వేరు సీసాల్లో వేశారు. ఒక్కొక్క కుట్టు వేశారు. పది రోజుల తర్వాత రమ్మన్నారు.

ఆ పది రోజుల్లో పొక్కులు వరసగా వచ్చాయి. అడిగినప్పుడు ఒక్కటి నిలవని చోట, ఇప్పుడు అక్కర్లేనప్పుడు రోజుకు మూడు నాలుగు. చూసీ చూసీ ఆయన టార్చి పక్కన పెట్టేశాడు. నేను నా పళ్ళెం, గ్లాసు, సబ్బు వేరు చేసుకున్నాను. కూతురు ఈ ఆదివారం వస్తానంటే ఇంటికి సున్నం వేయిస్తున్నామని అబద్ధం చెప్పాను. బొమ్మనహళ్ళి నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. సూపర్‌వైజర్ మాత్రం ఒకసారి చేసి, "పూర్తిగా నయం అయ్యాకే రండమ్మా, తొందరేం లేదు" అన్నాడు. అంత మర్యాదగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అందుకే భయం వేసింది.

రిపోర్ట్ చేతికొచ్చిన రోజు డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "నేను అనుకున్నదే. పెంఫిగస్ అంటారు" అంది. నాకు ఆ పేరు రెండోసారి పలకడానికి రాలేదు. చర్మంలో ఒక కణం ఇంకో కణాన్ని అంటుకుని ఉండడానికి జిగురు లాంటిది ఒకటి ఉంటుందట. మనల్ని కాపాడవలసిన ఒంట్లోని బలమే దాన్ని శత్రువనుకుని తెంచేస్తోందట. నాకు అర్థమైంది. నా ఒళ్ళే నా కుట్లు విప్పేస్తోంది.

"ఎవరి దగ్గర నుంచి వచ్చింది మేడమ్?"

"ఎవరి దగ్గర నుంచీ కాదు. మీ నుంచి ఎవరికీ పోదు. పక్కన పడుకోవచ్చు, ఒకే గ్లాసులో తాగొచ్చు, బిడ్డల్ని ఎత్తుకోవచ్చు."

"ఆ మాట ఒక కాగితం మీద రాసిస్తారా?"

ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత ఏమీ అడగకుండా, కన్నడంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి, ముద్ర వేసి ఇచ్చింది. దాన్ని మడిచి కొంగున ముడేసుకున్నాను. ఆ కాగితం తర్వాత ఫ్యాక్టరీలో పనికొచ్చింది, కొంతవరకే. సూపర్‌వైజర్ చదివి సరేనన్నాడు. మా లైన్ అమ్మాయి ఇంటికి వచ్చి బత్తాయిలు ఇచ్చి, చాప చివర కూర్చుని, టీ వద్దని వెళ్ళిపోయింది. ఆ పిల్లనేమనగలను? ఆమె స్థానంలో ఉంటే నేను ఆ బత్తాయిలైనా తెచ్చేదాన్ని కాదేమో.

వైద్యం అంత తేలిగ్గా అవలేదు. స్టెరాయిడ్ మాత్రలతో మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. లేని షుగర్ వచ్చింది. ఊరికే ఏడుపొచ్చేది, ఊరికే కోపమొచ్చేది. కోపం మందు వల్లనా నీ వల్లనా అని మా ఆయన అడిగేవాడు. తర్వాత ఆసుపత్రిలో చేర్చుకుని, రెండు వారాల ఎడంతో రెండుసార్లు డ్రిప్పు ఎక్కించారు. ఆ మందుతో ఒంటికి ఎదిరించే శక్తి తగ్గుతుంది, చిన్న జ్వరమైనా పరుగెత్తుకుని రావాలన్నారు. ఎవరు దగ్గినా నాకు దడ పుట్టేది. మొదట వీపు ఆరింది, తర్వాత ఛాతీ. నోరు అన్నిటికంటే ఆఖరున మానింది. నల్లటి మచ్చలు మిగిలాయి. మచ్చలకు నాకేం బాధ లేదు. బాధ వేరే ఉంది. "ఇది అణిగింది, పోలేదు. మళ్ళీ రావచ్చు. కొత్త పొక్కు కనపడితే ముట్టకుండా రండి" అని డాక్టరమ్మ చెప్పింది.

ఆ ఒక్క మాటతో ఏడాదిన్నర బతికాను. స్నానం చేసేటప్పుడు వేళ్ళతో ఒళ్ళంతా తడుముకునేదాన్ని. దోమ కుట్టినా, చెమటకాయ లేచినా గుండె జారేది. మాత్ర సగానికి తగ్గించినప్పుడు సంతోషించాలి కదా, నాకు నిద్ర పట్టేది కాదు.

మొన్న వేసవిలో బంధువుల ఇంట్లో పెళ్ళికి వెళ్ళి వచ్చాం. మర్నాడు పొద్దున మంచం దిగుతుంటే కుడి మడమ వెనక ఏదో మెత్తగా తగిలింది. వంగి చూశాను. నీటిపొక్కు. నిండుగా, పారదర్శకంగా, ఉసిరిగింజంత. మా ఆయన్ను పిలిచాను. ఆయన చూసి, మంచం పట్టె మీద కూలబడిపోయాడు. ఇద్దరం లేచి తయారయ్యాం. గుమ్మంలో ఉన్న చెప్పుల్లో ఎడమది తొడుక్కుని, కుడిదాన్ని చేత్తో పట్టుకుని, కుడికాలి మునివేళ్ళ మీద నడుస్తూ బస్సెక్కాను. ఈసారి ఆయన ఎవరి మీదా అరవలేదు. నా కాలి ముందు తన సంచి నిలబెట్టి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ డ్రిప్పు, మళ్ళీ ఆ దుప్పటి మీద పొరలు, మళ్ళీ కూతురికి అబద్ధాలు. దారంతా అవే తలపులు. ఈసారి తట్టుకోలేనని నాకు తెలుసు.

ఆసుపత్రిలో ఆయన బయట ఆగిపోయాడు. లోపల డాక్టరమ్మ నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని చూసింది. పక్క చర్మం మీద బొటనవేలితో రాసింది. తోలు కదల్లేదు. ఇంకోసారి రాసింది. కదల్లేదు. ఎడమ కాలు కూడా పెట్టమంది. దాని మడమ మీద కూడా, సరిగ్గా అదే చోట, ఎర్రటి గీత ఉంది.

"ఆ చెప్పులు కొత్తవా?"

"పెళ్ళికని కొన్నాను మేడమ్."

ఆమె నా చేతిలోని చెప్పును, నా మడమను మార్చి మార్చి చూసింది. "చెప్పు కరిచిందమ్మా" అంది.

నేను నమ్మలేదు. "మేడమ్, ఎందుకైనా మంచిది, ఒక ముక్క తీసి పరీక్షకు పంపండి" అని బతిమాలాను.

"చెప్పు కరిచినదానికి ఎవరూ ముక్క తీయరు" అంది ఆమె. నవ్వబోయి, నా మొహం చూసి ఆగి, నా కాలిని రెండు చేతులతో పట్టుకుంది. "ఇది మామూలు చర్మం. మామూలు చర్మానికి చెప్పు కరుస్తాది. పదేళ్ళ పిల్లకైనా, నాకైనా, మీకైనా."

ఆ మాటకు నాలో ఏదో తెగింది. ఏడాదిన్నరగా పట్టి ఉంచినదంతా వదిలేసి, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. బయట నిలబడ్డ మా ఆయనకు ఆ ఏడుపు వినబడింది. తలుపు తోసుకుని వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అయిపోయింది, మళ్ళీ వచ్చేసిందనుకున్నాడని ఆయన్ను చూడగానే తెలిసింది. చేతిలో ఉన్న చెప్పునే ఆయన వైపు చాచాను.

ఆయన దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, డాక్టరమ్మ వైపు చూశాడు.

"కరిచింది" అన్నాను, ఎలాగో.

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, అక్కడే నా స్టూలు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. "చెప్పేనా మేడమ్? ఒట్టి చెప్పేనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఆమె అడిగిన ప్రతిసారీ అవునని చెప్పింది.